తండ్రి గొంతు

విచారణ గది తలుపు మధ్యాహ్న విరామానికి తెరుచుకుంది. పొద్దుటి నుంచి ఆ అమ్మాయి నోట ఒక్క మాటా పెగల్లేదు. బల్లకవతల కూర్చున్న ముగ్గురు పెద్దలు ఏమడిగినా ఆమె కోచే జవాబిచ్చాడు. పిల్లకు గొంతు బాగాలేదన్నాడు.

అందులో అబద్ధం లేదు. బరువులెత్తే పోటీలకు ఎంపికైనప్పటి నుంచి వారం వారం ఆయన గదిలో సూది వేయించుకుంటోంది. విటమిన్లన్నాడు, నమ్మింది. ముందు గడ్డం మీద నూగు మొలిచింది. తరవాత నెలసరి ఆగింది. ఒక సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి "అమ్మా" అని పిలిస్తే, తల్లి చేతిలో గిన్నె జారి పడింది. అది చచ్చిపోయిన తండ్రి గొంతు. గోదాములో మూటలు మోసి మోసి, మూట కిందే కూలిపోయిన మనిషిది. అదే జీర, అదే బరువు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. కూతురు సైగలతో నెట్టుకొచ్చేది. మరిచిపోయి ఎప్పుడైనా నోరు విప్పితే తల్లి ఆమె వైపు కాదు, ఆమె వెనక్కి చూసేది.

పోటీలో గెలిచిన రోజే మూత్రం పరీక్షకు తీసుకున్నారు. నిషేధించిన మందు బయటపడింది.

వరండాలో కోచ్ మెత్తగా నచ్చజెప్పాడు. మందుల షాపులో తనే కొనుక్కున్నానని ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందట. గడువు తీరాక తనే మళ్ళీ చేర్చుకుంటాడట. కాదంటే, అని ఆగి, బెంచీ మీదున్న తల్లి వైపు చూశాడు. ఆయన నడిపే హాస్టల్లోనే ఆమె ఆటగాళ్ళ దుప్పట్లు ఉతుకుతుంది.

"ఒప్పేసుకోవే," అంది తల్లి, కూతురి మొహం చూడకుండా. "గోడకి తల కొట్టుకుంటే పగిలేది తలే."

మళ్ళీ లోపలికి పిలిచారు. తల్లిని రానివ్వలేదు. పెద్దల్లో డాక్టరమ్మ ఈసారి కోచ్‌ని ఆగమని, మందు ఎవరిచ్చారో పిల్లనే చెప్పమంది.

హాస్టల్లో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఆమె కళ్ళలో మెదిలారు. నిన్న వాళ్ళు డాబా మీద బట్టలు ఆరేస్తూ, సన్నటి గొంతులు కలిపి పాడుకున్నారు. వచ్చే వారం నుంచి వాళ్ళకీ విటమిన్లు.

"ఈయనే ఇచ్చాడు," అంది. ఆ గొంతు విని కాగితాల మీద వంగిన తలలన్నీ లేచాయి. "నేను కొనలేదు. కొన్నానని చెప్పను."

అధ్యక్షుడు నిబంధన చదివి వినిపించాడు. ఒంట్లో దొరికిన మందుకు ఆ ఒళ్ళు ఎవరిదో వాళ్ళదే పూచీ. ఎవరిచ్చారన్నదానికి వేరే విచారణ, వేరే రుజువులు కావాలి. ఆమెకు నాలుగేళ్ళ నిషేధం. కోచ్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

బయటికొస్తూనే ఆయన, రేపట్నుంచి ఉతకడానికి వేరే మనిషి వస్తుందని తల్లితో చెప్పి మెట్లు దిగిపోయాడు. ఆమె చెవికి ఆ మాట ఎక్కినట్టే లేదు. కూతురికి బెంచీ మీద తన పక్కన చోటు చూపించింది.

"లోపల మాట్లాడావుగా, తలుపు సందులోంచి వినపడింది. మళ్ళీ మాట్లాడవే. ఏదో ఒకటి."

కూతురు కూర్చుంది. "ఇంటికి పోదామమ్మా," అంది.

తల్లి కళ్ళు మూసుకుని తలూపింది గానీ లేవలేదు. ఇంకా వింటూనే ఉంది. వింటున్నది తననో, నాన్ననో, కూతురికి అంతుపట్టలేదు.