శుక్రవారం కడిగిన ఇల్లు

తుఫాను నీళ్ళు తేంగాయితిట్టులోని ఆ రెండు వాటాల ఇంట్లోకి సమానంగానే వచ్చాయి, మోకాలి లోతున. కానీ ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చేసరికి కోమల తోడికోడలు ప్రవల్లిక వాటా ఇంకా బురదలోనే ఉంది. కోమల వాటా మాత్రం తళతళలాడుతోంది. మరి శుక్రవారం కదా, బురద కొంపలో దీపం ఎలా పెడుతుంది మహాతల్లి? ఉబ్బిపోయిన చెక్క బీరువానూ పరుపులనూ మున్సిపాలిటీ బండి ఎక్కించేసి, పసుపునీళ్ళతో కడిగి, గడప ముందు ముగ్గు కూడా వేసింది.

సర్వేయర్ కదిరవన్ ముగ్గు తొక్కకుండా లోపలికి వచ్చి చుట్టూ చూశాడు.

"ఇక్కడ పాడైపోయిందేదమ్మా? ఫోటో అయినా ఉండాదా?"

"అంతా పారేసినాను సార్. శుక్రవారం గదా."

"శుక్రవారమని రాస్తే క్లెయిమ్ రాదమ్మా."

క్లెయిమ్ రాకపోతే ఇంటిల్లిపాదీ కటిక నేల మీద పడుకోవాల్సిందే. అయినా కోమల కడుపు మండింది ఆయన మీద కాదు, ప్రవల్లిక మీద. కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఇదే వరస. అత్తగారి మెప్పు దానికే, గాలి వచ్చే వాటా దానికే. ఇప్పుడు ఒళ్ళు వంచని దానికి కొత్త బీరువా, నడుం పడిపోయేలా కడిగిన తనకు మొండిచెయ్యి. ఏడుపొచ్చింది.

అంతలో ప్రవల్లికే ఫోన్ పట్టుకుని వచ్చింది.

"సార్, మా ఇల్లు తీసేటప్పుడు అక్కోళ్ళ ఇల్లు గూడా తీసినాను. చూడండి."

వీడియోలో అన్నీ ఉన్నాయి. తేలుతున్న పరుపులు, ఒరిగిన బీరువా, చీర ఎగదోపి నీళ్ళు తోడుతున్న కోమల. మొగుడితో అంటున్న ఆమె మాటలూ ఉన్నాయి.

"యాడ చూసినా ఫోనే. ఇల్లు మునిగితే సినిమా తీస్తా ఉండాది, సిగ్గులేని జన్మ."

కదిరవన్ తలెత్తలేదు. "ఇది చాలు, నాకు పంపించండి," అని బయటికి నడిచాడు.

"సౌండు తీసేసి చూపించుండొచ్చు గదా," అంది కోమల, నేల చూస్తూ.

"తీసేస్తే నీ ఇల్లని ఎట్ల నమ్ముతారక్కా? నీ గొంతు ఉండాల గదా."

ఎగతాళి ఉందేమోనని కోమల ఆ మొహంలో వెతికింది. లేదు. ఒక్క మాట తిట్టి ఉంటే ఎంత బాగుండేది! పరుపులు వస్తాయి, బీరువా వస్తుంది. ఈ మంచి మనసు మాత్రం ఏ క్లెయిమూ పెట్టకుండా దానికే వచ్చింది. కోమలకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత కుళ్ళు పుట్టింది.