ముర్రా ఈనకముందే

మా ఆయన దేముడి డ్యూటీ బట్టలు ఎన్ని నీళ్ళలో జాడించినా ఎరుపు వదలదు. ఈ ఇనప గనుల ఊరు కిరండూల్‌లో కాపురం అంటే అంతే. కొండ మీద ఇనప రాయి మోసే డంపర్ నడిపేది ఆయన, ఆ కొండని ఇంట్లోంచి ఊడ్చిపోసేది నేను. ఆరోజూ పెరట్లో బట్టలు ఉతుకుతుంటే మా పిల్లికూన ముర్రా నీటిధారని పట్టుకోబోయి నిలువునా తడిసింది. మరమరాలని ఇక్కడ ముర్రా అంటారు. పుట్టినప్పుడు అంత తెల్లగా ఉందని ఆ పేరు పెట్టాను, ఇప్పుడు ఈ ధూళికి ఇటుక రంగుకి తిరిగింది. మంచం మీద కూర్చున్న మా అత్త వరహాలమ్మ దాన్ని ఎగాదిగా చూసి, "ఆడది కదేటి. రేపో మాపో దీనికీ కడుపొస్తాది. గోనొకటి సూసి ఉంచుకోవే నర్సమ్మా," అంది. బియ్యం ఏరమన్నంత మామూలుగా అంది.

ముర్రా తల్లి బతికున్నన్నాళ్ళూ, అది ఈనిన ప్రతిసారీ ఆ గోనెసంచి నా చేతికే వచ్చింది, ముర్రా ఒక్కటే ఇంట్లో మిగిలింది. పిల్లిని చంపితే బంగారంతో పిల్లిని చేయించి దానం ఇవ్వాలట. అందుకని మా క్వార్టర్ల వరసలో మగవాళ్ళెవరూ కూనల్ని ముట్టుకోరు. చంపకుండా వదిలించుకునే ఉపాయం ఒకటి మాత్రం కనిపెట్టారు, ఖనిజం నింపుకొని యార్డులో నిలబడ్డ గూడ్సు బండి ఎక్కించెయ్యడం. "విశాకపట్నం ఎలిపోతాయి. పోర్టు కాడ సేపలు తిని మనకంటే సుకంగా బతుకుతాయి," అనేవాడు దేముడు. ఉపాయం వాళ్ళది, మోత మాది. చీర ఎగదోపుకొని వ్యాగన్ పక్కనున్న ఇనప మెట్లు ఎక్కుతుంటే కింద యార్డు వాళ్ళు పళ్ళికిలించేవాళ్ళు, నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. పక్క క్వార్టర్ సమ్మక్క తోడొచ్చి వాళ్ళకి అడ్డంగా నిలబడేది. కూనల్ని ఆ ఎర్రరాళ్ళ మీద దింపి, బండి కదిలాక చెయ్యి కూడా ఊపేదాన్ని. నవ్వితే నవ్వండి, చుట్టాలని సాగనంపినట్టే ఊపేదాన్ని.

పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే మాట తెచ్చింది సమ్మక్కే. ఆమెది తెలంగాణ సరిహద్దులో కొంటా అనే ఊరు. మేకకి మందు కోసం పశువుల ఆసుపత్రికి వెళ్ళి, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ చెప్పింది విని వచ్చింది. "చిన్నగున్నప్పుడే చేస్తదంట నర్సమ్మా. ఎదకు రాకముందే చేస్తె మంచిదంట. పొద్దుగాల తీస్కపోతె మాపటికి ఇంటికొస్తదంట. ఇగ నీకు ఆ సంచి పీడ ఏంది?" అంది. నా గుండె మీంచి ఎవరో చెయ్యి తీసినట్టయింది. ముర్రా ఎదకి రావడానికి ఇంకెంతో కాలం లేదు. ఈలోపు చేయిస్తే సరి, లేదంటే మళ్ళీ గోనె, మళ్ళీ మెట్లు. అన్నం పెడుతూ దేముడికి చెప్పాను.

ఆయన ముద్ద ఆపి నావైపు చూశాడు. "పసికూనకి కోతేటే? ఒక్క ఈతైనా ఈనకుండానా? మూగజీవి ఉసురు తగుల్తాది. అది గడప దాటితే నేనూరుకోను." ఎంత దయ. అడగరానిది అడిగినట్టు తల దించుకుని పప్పు వడ్డించాను. ఆ దయ కొంచెం నా మీద చూపిస్తే ఏం పోయింది అని మాత్రం లోపల అనుకున్నాను. చిన్నాడు పుట్టాక ఇక చాలు, మీరు చేయించుకోండి, మగవాళ్ళకి తేలికట అని బతిమాలినప్పుడు ఈయనే కదా, "డంపర్ నడిపేవోణ్ణి, నడుం పడిపోతే ఎవులు పెడతారు కూడు?" అన్నాడు. నన్నే క్యాంపుకి తీసుకెళ్ళి వరసలో కూర్చోబెట్టాడు. కుట్లు పచ్చిగా ఉండగానే బిందెత్తబోయి మూలిగితే, "కోడిని కోసినంత సేపు పట్టనేదట, దానికింత మూలుగా?" అంది అత్త. ఆ వారమంతా నడుం వంచలేక గోడ పట్టుకుని నడుస్తూ, నా నడకని ఎవరైనా చూస్తారేమోనని నేనే సిగ్గుపడ్డాను. పడాల్సింది ఎవరో అప్పుడు తోచలేదు.

తరవాతి వారం నా మరిది అప్పారావు వచ్చాడు. విశాఖ పోర్టులో పని చేస్తాడు. టీ ఇస్తూ, మేము పంపిన కూనలు ఎప్పుడైనా కంటబడ్డాయా అని మురిపెంగా అడిగాను. అతను గ్లాసు పట్టుకుని నన్ను వింతగా చూశాడు. "ఇంకెక్కడి కూనలొదినా? అక్కడ మిషను వ్యాగన్ని వ్యాగన్‌గానే పట్టి తిరగేసేస్తాది. రాయంతా గోతిలో పడిపోద్ది. దాన్లో పిల్లికూనేటి, ఏనుగున్నా మిగల్దు. అన్నకి ఎప్పుడో సెప్పేను కదా." దేముడు పక్కనే ఉన్నాడు. గోళ్ళు తీసుకుంటూ కూర్చున్నాడు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. కూనల కోసం ఏడ్చాను, చెయ్యి ఊపిన నా వెర్రితనానికి ఏడ్చాను. పాపం అంటకుండా ఆయన పక్కకి తప్పుకుని, తెలిసి తెలిసి నన్ను ఆ మెట్లెక్కించాడు. ఆ మనిషికి వేడిగా అన్నం పెడుతున్నందుకు నా చేతులంటే నాకే రోత పుట్టింది. అయినా ఆ పూట కూడా పెట్టాను.

ఆదివారం క్లబ్బు హాల్లో డాక్టరమ్మ మీటింగు పెట్టింది. మగవాళ్ళు ముందు కుర్చీల్లో, మేము వెనక జంపఖానా మీద. ఆమె హిందీలో నెమ్మదిగా చెప్పింది. కూన చిన్నగా ఉన్నప్పుడే చేయిస్తే తొందరగా కోలుకుంటుందని, ఒక్క ఈత ఈనాలన్నది వట్టి అపోహ అని, మగకూనలకి కూడా చేయించాలని. మగకూన మాట రాగానే ముందు వరసలో ఇకఇకలు, ఒకరి భుజం ఒకరు చరుచుకోవడాలు. దేముడు లేచి నిలబడ్డాడు. కోతలూ కుట్లూ మాకెందుకు మేడమ్, మా ఇంటి కూనలు రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి చేపలు తింటాయి అన్నాడు. హాలంతా నవ్వింది. వెనక ఆడవాళ్ళు కూడా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నా చెవులు కాలిపోయాయి.

ఎప్పుడు లేచానో నాకు తెలియదు. నాకొచ్చిన హిందీ బజారులో కూరలకి సరిపోయేంత. దాంతోనే చెప్పాను.

"మేడమ్, ఆ బండిని అక్కడ బోర్లిస్తారు. కూనలు రాళ్ళ కింద పడి చచ్చిపోతాయి. ఆ సంగతి మా ఆయనకి తెలుసు. నాకు చెప్పకుండా నా చేతే ఎక్కించాడు."

నవ్వు ఆగిపోయింది. నా పక్కన సమ్మక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను గూడ పంపిన కద," అని గొణిగింది. ముందు కుర్చీల్లోంచి ఎవరో, "ఇంటి గుట్టు ఇక్కడెందుకమ్మా, కూర్చో," అన్నారు తెలుగులో. కూర్చుంటే మళ్ళీ లేవలేనని తెలుసు. అందుకే నిలబడే ఉన్నాను.

"మీ కూన ఆడదా? ఎప్పుడు తీసుకొస్తారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"రేపు పొద్దున్నే," అన్నాను దేముడి వైపు చూడకుండా. సమ్మక్క లేచి నా చెయ్యి పట్టుకుని, "నేను గూడ వస్త. మా ఇంట్ల మగది ఉన్నది," అంది.

అప్పుడు చూశాను ఆయన వైపు. అందరి ముందూ దేముడు తల దించుకుని కూర్చున్నాడు. మా ఇంట్లో ఇన్నేళ్ళూ అది నా పనే.