పడుకోవడం తేలికే

పడుకోవడం అతనికి తేలికే. చిక్కంతా లేవడం దగ్గరే వచ్చింది.

మోకాళ్ల మీదికి దిగి, అరచేతులు నేలకు ఆన్చి, మెల్లగా బోర్లా వాలిపోతానంటే నడుము ఏమీ అనదు. పైగా హాయిగా ఉంటుంది కూడా. అలా కాసేపు ఉండి లేద్దామనుకుంటేనే, లోపలి నుంచి ఎవరో గడియ పెట్టినట్టు బిగుసుకుపోతుంది. ఇక రెండో మనిషి వచ్చి లేపాల్సిందే. మంచం మీద పడుకునేవాళ్లకు ఇదేమంత పెద్ద కష్టం కాదు. పక్కకు దొర్లి, కాళ్లు కిందికి జార్చి, మంచంకోడు పట్టుకుని ఎలాగో లేచి కూర్చుంటారు. నీటిపక్షుల ఫొటోలు తీసేవాళ్లకు మాత్రం ప్రాణసంకటం.

ఎందుకంటే నీటిపిట్టను గట్టు మీద నిలబడి తీస్తే ఫొటో వస్తుంది గానీ పిట్ట రాదు. పైనుంచి చూస్తే అది నీళ్లలో తేలే కొబ్బరిచిప్ప. కెమెరా నీటితో సమానంగా దిగాలి, దాని కంట్లో మన కన్ను పడాలి. అప్పుడే దానికో మొహం వస్తుంది, కోపం వస్తుంది, తొందర వస్తుంది. దానికోసం బురదలో పొట్ట మీద పడుకోవాలి. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

అతని ఉద్యోగం కూడా ఒకరకంగా ఫొటోలు తీయడమే. కాకపోతే అవి మనుషుల లోపలివి. ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా "గాలి పీల్చండి, బిగపట్టండి, కదలొద్దు, ఇక వదలండి" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు. తన నడుము ఫిల్మును కూడా చాలాసార్లు వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు. అందులో పెద్దగా ఏమీ లేదు. "ఇంతమాత్రానికి అంత నొప్పి రాకూడదే" అన్నాడు పెద్ద డాక్టరు, నొప్పే ఏదో రూలు తప్పినట్టు. చీటీలు రాసే ఆవిడైతే ఒకరోజు అందరి ముందూ అనేసింది: "అంత లావు కెమెరా మొయ్యడానికి లేని నొప్పి, ఈ కుర్చీ జరపడానికి వచ్చిందా సార్?" అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? ఆ రోజు నుంచి ఎవరు అడిగినా "అబ్బే, ఏం లేదండీ" అనడం అలవాటు చేసుకున్నాడు. చెల్లెలు ఫోన్ చేసి "నడుం ఎలా ఉందన్నయ్యా?" అన్నా అదే మాట. అబ్బే.

చెల్లెలి మొగుడు మాత్రం ఆ మాట నమ్మేవాడు కాదు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు గానీ, ఆ బావ వయసులో చిన్నవాడే. పక్షులంటే కాస్త కూడా ఆసక్తి లేదు. అయినా సెలవురోజు పొద్దున్నే అతనితో చెరువుకు వచ్చి, గట్టు మీద కూర్చుని పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నమిలి, ఫొటోలు అయ్యాక దిగివచ్చి లేపేవాడు. "ఏం బావా, కొత్త పెళ్లికూతురిలా అలా వంగి నడుస్తావేం, నిన్ను చూడ్డానికి ఎవరూ రాలేదిక్కడ!" అని వెక్కిరించేవాడు. లేపడానికి ఒక ఒడుపు ఉంది. అది ఆ బావకు పట్టుబడింది. కిందటి వేసవిలో బావకు దూరంగా బదిలీ అయింది. చెల్లెల్ని, పేపరుని, ఆ ఒడుపుని కూడా వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి అతను నేల మీద పడుకోలేదు. గట్టు మీద నిలబడి కొబ్బరిచిప్పల్ని తీస్తున్నాడు. ఇంటికొచ్చి వాటిని చూసుకోబుద్ధి కాక చెరిపేస్తున్నాడు. అద్దెగదిలో గిన్నె ఒకటి, కంచం ఒకటి, కుర్చీ ఒకటి. మాట్లాడదామంటే గోడలకు నోరు లేదు. బదులిచ్చే చెరువేమో ముఖం చాటేసింది.

అలాంటి సమయంలో రెల్లుపొదలో బుడుబుంగ పిల్లల్ని చేసింది. బుడుబుంగ అంటే గుప్పెడంత నీటిపిట్ట. చూస్తుండగానే బుడుంగుమని మునిగి మరెక్కడో తేలుతుంది. దాని పిల్లలు పుట్టిన కొత్తలో తల్లి వీపెక్కి రెక్కల సందున దూరి, తలలు మాత్రం బయటపెట్టి ఊరేగుతాయి. వారమో, ఇంకాస్తో. తర్వాత బరువెక్కిపోతాయి, తల్లి దులిపేస్తుంది. ఆ ఊరేగింపును నీటిమట్టం నుంచి తీయాలని అతను ఎన్నేళ్లుగానో కాచుకుని ఉన్నాడు. ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డుపడేది. ఈసారి గూడు గట్టుకు దగ్గర్లోనే పెట్టింది. ఇంత దగ్గరగా ఎప్పుడూ పెట్టలేదు.

లేపడానికి మనిషి లేడు కదా, ఏం చేయాలి? ఇంట్లో గచ్చు మీద పడుకుని, చేతికర్ర ఊతంతో లేవడం సాధన చేశాడు. ఒకసారి మంచంకోడు సాయంగా పట్టుకున్నాడు. రెండోసారి కర్ర ఒక్కటే. లేచాడు! ఒళ్లంతా చెమటతో నిలబడి, ఎవరూ లేని గదిలో "చూశావా బావా" అన్నాడు. తెల్లారి ఇసుక నింపిన దిండుగలీబు, రెక్సిన్ షీటు, కర్ర తీసుకుని చెరువుకు బయల్దేరాడు.

ఆ చెరువు చుట్టూ తెల్లారగట్ల నడిచేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లు వెళ్లగానే కాపలావాడు గేటుకు తాళం వేస్తాడు, మళ్లీ తీసేది సాయంత్రమే. నడిచేవాళ్లలో నవ్వుల బృందం అని ఒకటి ఉంది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ దానికి నాయకురాలు. గుండ్రంగా నిలబడి, చేతులు పైకెత్తి, పొట్టలు పట్టుకుని పెద్దగా నవ్వడం వాళ్ల ఆరోగ్యసూత్రం. కిందటేడు ఒకరోజు, వాళ్ల నవ్వుకు కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయని అతను ఊగిపోయాడు. "మీ ఆరోగ్యం బంగారం గానూ, ఆ పిట్టలు గుండెలాగి చస్తున్నాయి, ఇంకెక్కడైనా నవ్వుకోండి!" అని నోరు పారేసుకున్నాడు. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'పక్షులున్నాయి. ఇటు రావద్దు, మాట్లాడవద్దు' అని రాసి చెట్టుకు కట్టాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అతని నోటి సంగతి సరే, ఊరే మంచిదయింది. హెడ్‌మిస్ట్రెస్ ఒక్క మాట అనకుండా, ఆ వైపు వచ్చినప్పుడల్లా తన బృందానికి చప్పుడు లేకుండా నవ్వడం నేర్పింది. భుజాలు ఎగురుతాయి, పొట్టలు ఊగుతాయి, గొంతు పెగలదు. చూసేవాళ్లకే నవ్వొస్తుంది.

ఆ పొద్దున అతను రెల్లుకు ఎదురుగా షీటు పరిచి పడుకున్నాడు. కెమెరా ఇసుకదిండు మీద పెట్టి, కన్ను ఆన్చాడు. ఎన్ని నెలలయిందో అలా చూసి! నీళ్లు గడ్డం కింద నుంచే మొదలై ఆకాశందాకా పోతున్నాయి. తూనీగ ఒకటి రెల్లు కొనను పట్టుకుని తలకిందులుగా ఎండ కాచుకుంటోంది. రెల్లు వెనక కదలిక ఉంది, పిట్ట మాత్రం బయటికి రావడం లేదు. ఎదురుచూడ్డం అతనికి కష్టం కాదు. కదలకుండా ఉండమని రోజంతా లోకానికి చెప్పేది తనే.

ఎండ వీపెక్కాక నడుము బిగియడం మొదలైంది. ఇక ఆలస్యం చేయకూడదని, ఒకసారి లేచి సర్దుకుందామని కర్ర అందుకుని నేలకు పొడిచాడు. కర్ర వెన్నలోకి దిగినట్టు బురదలోకి దిగిపోయింది. ఇంకోచోట పొడిచాడు. అక్కడా అంతే. గచ్చు మీద సాధన చేసినవాడు బురద సంగతి ఆలోచించలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. మోచేతుల మీద లేవబోతే నడుములోంచి కాలి చిటికెనవేలి దాకా మంట పాకింది. మళ్లీ చెంప షీటుకు ఆన్చేశాడు. గడియ పడిపోయింది.

ఫోను జేబులోనే ఉంది. ఎవరికి చెయ్యాలన్నదే ప్రశ్న. చెల్లెలికి చేస్తే అంత దూరాన ఏడుస్తుంది. ఆస్పత్రికి చేస్తే, చీటీలావిడ ఏమంటుందో చెప్పనక్కర్లేదు. ఇంకెవరు? ఇంకెవరని అలా చాలాసేపు ఆలోచించాడు. ఇన్నేళ్లు బతికి ఒక్క పేరు తట్టలేదు.

గట్టు మీద అడుగుల చప్పుడు వినిపించింది. తల తిప్పలేక ఓరకంట చూశాడు. నవ్వుల బృందం. ఇంటికి వెళ్లే దారి. అందరికంటే ముందు హెడ్‌మిస్ట్రెస్, పెదాల మీద వేలు పెట్టుకుని, మునివేళ్ల మీద నడుస్తోంది. అతన్ని చూపించి వెనక్కి తిరిగి గుసగుసగా అంది: "ష్... ఆయన పనిలో ఉన్నాడు. ఎవరూ కదపకండి."

వాళ్ల తర్వాత ఇక గట్టు మీదికి వచ్చేవాళ్లు లేరు. గేటు పడితే సాయంత్రం దాకా ఎండలో ఇలాగే. ఒక్క కేక చాలు. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. మానం సంగతి తర్వాత చూసుకుందామని గాలి పీల్చాడు.

సరిగ్గా అప్పుడే రెల్లు చీల్చుకుని బుడుబుంగ బయటికి వచ్చింది.

వీపు మీద రెండు తలలు. ముసలివాళ్ల నుదుళ్లలా చారలు చారల తలలు. ఒకటి నిద్రపోతోంది, ఇంకొకటి లోకాన్ని తనకే కొనిపెట్టినట్టు చూస్తోంది. తల్లి నిదానంగా ఈదుతోంది, అతని వైపే. తర్వాత కొంచెం ఎడమకు తిరిగింది. అరచేయంత ఎడమకు కెమెరా తిప్పితే చాలు, ఎండ దాని కంట్లో పడుతుంది. ఇన్నేళ్లుగా అనుకున్నది అదే.

కేక వేస్తే మునిగిపోతుంది. ఇక ఈ ఒడ్డుకు పిల్లల్ని తీసుకురాదు. అడుగులు దూరమవుతున్నాయి. అతను పీల్చిన గాలిని బిగపట్టాడు. పోనీ, వెళ్లనీ అనుకున్నాడు. వాళ్లను వెళ్లనిచ్చాడు. సాయంత్రం దాకా అయితే అయింది. భుజం కదిపి కెమెరాను ఎడమకు తోశాడు.

అరిచాడు. నోరు అతనిదే, అరుపు మాత్రం నడుముది. ఆ గొంతు తనదని అతనే పోల్చుకోలేకపోయాడు. గట్టు మీద కొంగలు లేచాయి. కళ్లు తుడుచుకుని చూసేసరికి ఎదురుగా నీళ్ల మీద సున్నాలు చుట్టుకుని వెడల్పవుతున్నాయి. పిట్ట లేదు, పిల్లలూ లేవు.

బృందమంతా పరిగెత్తుకొచ్చింది. మెత్తటి బూట్లు, తలపాగాల్లా చుట్టుకున్న తువ్వాళ్లు, ఆయాసాలు. ఒకాయన చెయ్యి పట్టి లాగబోయాడు.

"లాగకండి, లాగకండి! ముందు పక్కకి దొర్లించండి. మోకాళ్లు మడవండి. ఇప్పుడు వీపు కింద చెయ్యి... నేను చెప్పాక..." అన్నాడతను, పళ్ల బిగువున. వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేశారు. బావ ఒడుపు వాళ్లకు రాలేదు గానీ, చేతులు చాలానే ఉన్నాయి. లేపి గట్టు రాయి మీద కూర్చోబెట్టారు.

హెడ్‌మిస్ట్రెస్ తన తువ్వాలుతో అతని చెంప మీద బురద తుడిచింది. "ఎంతసేపట్నుంచి ఇలా ఉన్నావు నాయనా?"

"చాలాసేపయిందండీ."

"మరి పిలవలేదేం? మేం పక్కనించే వెళ్లాం కదా! నొప్పా?"

అబ్బే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "అవునండీ" అన్నాడు. "చాలా నొప్పండీ. రోజూ ఉంటుంది." అని, పెద్దవాళ్ల ముందు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పాపం, పాపం అని వాళ్లు వీపు నిమిరారు. ఎవరూ నవ్వలేదు. ఆ ఏడుపులో సగం బుడుబుంగదని వాళ్లకు తెలియదు. అతను చెప్పనూ లేదు. చెబితే నొప్పి అబద్ధమనుకుంటారేమోనని భయం.

"సరే, ఇంక నువ్విక్కడ ఒక్కడివే పడి ఉండటం కుదరదు" అందావిడ, బడిలో తీర్పు చెప్పినట్టు. "రేపట్నుంచి వెళ్లేముందు ఒక కేకేస్తాం. బాగున్నావా అని. పలికావా సరే, పలక్కపోతే దిగొచ్చి లేపుతాం. పిట్టలు బెదురుతాయంటావా? నీ ఇష్టం మరి, నువ్వే చెప్పు."

అతను చెరువు వైపు చూశాడు. దూరంగా, అవతలి ఒడ్డున ఒక నల్ల చుక్క తేలింది. అదేనో, మరోటో. కెమెరా లేకుండా ఇంత దూరానికి తెలియదు. రోజూ కేక పడితే అది ఇటు రాదు. నాలుగు రోజులు పోతే పిల్లలు వీపు దిగిపోతాయి. వచ్చే ఏడు ఎక్కడ గూడు పెడుతుందో, అప్పటికి ఈ నడుము ఎలా ఉంటుందో.

ఆవిడ ఇంకా జవాబు కోసం చూస్తోంది. చెయ్యి అతని భుజం మీదే ఉంది.

"కేకెయ్యండమ్మా" అన్నాడు. "కాస్త గట్టిగానే వెయ్యండి."