నెత్తురు చెప్పిన సాక్ష్యం

అరబ్బు దేశంలోని కూలీల క్యాంపు మెస్సులో వంట చేసే ఇమ్తియాజ్‌కు టైఫాయిడ్ ఉందని నెత్తురు పరీక్షలో తేలింది. జ్వరం లేదు, నొప్పి లేదు, మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. అయినా సూపర్‌వైజర్ "ఖలాస్, ఇంటికి పో" అన్నాడు. వండే చేతికి రోగముందంటే వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఊరుకుంటాడా?

ఇమ్తియాజ్ జింజ్ పేటలోని క్లినిక్‌కు పరుగెత్తి, ల్యాబులో పనిచేసే అనసూయ ముందు చేతులు జోడించాడు.

"నాకు రోగం లేదు మేడం. ఉంటే మంచం పట్టనా?"

"నీ రక్తంలో దొరికింది క్రిమి కాదయ్యా. క్రిమి మీదికి ఒంట్లోని కణాలు తయారుచేసే యాంటీబాడీలు. పేగుల్లో కాపురముండే బ్యాక్టీరియా చాలావాటి మీద ఒకే రకం గుర్తులుంటాయి, యాంటిజెన్లంటాం. మామూలు దాన్ని చూసి చేసిన యాంటీబాడీ కూడా టైఫాయిడ్ పరీక్షలో అతుక్కుంటుంది."

"ఒక్కతీరు అంగీ ఏసుకున్నడని దొంగను చేసినట్టా?"

"అలాంటిదే. మలం పరీక్ష చేద్దాం. క్రిమి ఉంటే ల్యాబు పళ్లెంలో పెరుగుతుంది, లేకపోతే లేదు."

ఆమె సూపర్‌వైజర్‌తో ఫోనులో పోట్లాడి వారం గడువు ఇప్పించింది.

ఆ గడువే కొంప ముంచింది. అతని గదిలో ఉండే భీమన్న మందుల సంచి విప్పాడు. డాక్టరు దగ్గరికి పోతే డ్యూటీ పోతుందని ఊరి నుంచే అందరూ మోసుకొచ్చే సంచి అది. డాక్టర్లం మనమే, రోగులం మనమే.

"యాంటీబయాటిక్ గోలీలు. ఏస్కో భాయ్. పురుగున్నా సస్తది."

ఇమ్తియాజ్ రెండు రోజులు మింగాడు. మూడో పొద్దున ధీమాగా మలం డబ్బా తెచ్చి అనసూయకు ఇచ్చాడు.

"ఈమధ్య మందులేమైనా వాడావా?" ఆమె మామూలుగానే అడిగింది.

"వాడితే ఏమైతది?"

ఆమె చేయి ఆగిపోయింది. "క్రిమి ఉన్నా పెరగదు. లేదని నేను రాయలేను. మందులాపి, కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయాలి. వాడావా?"

వాడలేదంటే అతని బతుకు నిలుస్తుంది. అనడానికి నోరు తెరిచాడు కూడా. కానీ తనలో ఆ క్రిమి ఉందో లేదో తనకే తెలియదు. రేపు తన చేతి పప్పు తినేవాళ్లంతా తెలిసినవాళ్లే, భీమన్నతో సహా.

"ఏసుకున్న మేడం."

ఆమె మళ్లీ ఫోను చేసింది. అవతల సూపర్‌వైజర్ అరుపు అతనికీ వినబడింది. వారాలు కాదు, ఒక్క రోజు కూడా ఆగడట. మళ్లీ పరీక్షకు వారాలు పడుతుంది, టికెట్ కొనడానికి గంట చాలు. కంపెనీకి ఏది సులువో అదే నిజం.

"ఉండు, కఫీల్‌తో మాట్లాడతాను."

"ఏమని మాట్లాడుతరు? ఉందని నెత్తురు చెప్తున్నది. లేదని చెప్పేటి సాక్షిని నేనే సంపుకున్న."

బయట అతన్ని తీసుకుపోవడానికి వచ్చిన కంపెనీ బండి హారన్ కొడుతోంది. ఇమ్తియాజ్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. లేవలేదు.