మేధ గిటారుకు ఆయుధపూజ

ఆయుధపూజ ముందురోజు సాయంత్రం మేధ బెంగళూరు రైలు దిగి బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లోని ఇంటికి వచ్చేసరికి ఆమె గిటారు వసారాలో బట్టలారేసే తీగకు వేలాడుతోంది. ఒళ్లంతా బూడిద రంగు. కింద పరిచిన గోనెసంచి మీద రంగు బొట్లు పడుతున్నాయి. పక్కనే సైకిలు, పనిముట్ల పెట్టె. వాటిదీ అదే రంగు.

తండ్రి వెంకటాచలపతి బ్రష్షును కిరసనాయిలులో కడుగుతున్నాడు. గని వర్క్‌షాపులో స్టోర్స్ గుమాస్తాగా చేసినవాడు. అక్కడ ఆయుధపూజకు ముందు లేతు యంత్రం మొదలుకొని సుత్తి పిడిదాకా అన్నిటికీ రంగు పడేది. గని మూతపడి ఇరవై ఏళ్లు దాటినా ఆ అలవాటు ఆయనను వదల్లేదు.

"ఏం చేసినావు నాన్నా?"

"కనపళ్లేదా? రంగేసినాను. ఆ గీకుడు మొహాన్ని దేవుడి ముందర పెట్టేదెట్లా?"

"పెట్టమని నిన్నెవరు అడిగినారు?"

"ఇంట్లో ఉండే ఆయుధమంతా పూజకు రావాల్సిందే. మా స్టోర్సుకు ఇట్లా గీతలు పడిన సామాను వస్తే ఎర్రచీటీ కట్టి వాపసు పంపుతా ఉంటిమి. నువ్వు కొత్తదని తెచ్చుకొని మురిసిపోతా ఉండావు."

ఆ గీతలు పాతదిగా కనపడాలని ఫ్యాక్టరీలో వేసినవే. డెబ్బై ఏళ్ల కిందటి గిటారుకు నకలు అది. మేధ కొన్నది గీతల కోసం కాదు, గొంతు కోసం. మెల్లగా మీటితే మాట్లాడుతుంది, గట్టిగా మీటితే కసురుతుంది. బ్యాండులోని ఉమేశ్ దగ్గరున్న ఇప్పటి తరం గిటారుకు ఎలా మీటినా ఒకటే గొంతు. అయితే పాత గొంతుతోపాటు పాత రోగాలూ వచ్చాయి. రెండు పాటలకోసారి తీగలు బిగించే బిరడాలు జారతాయి. తీగల కింద వాటి మోతను పట్టి స్పీకరుకు పంపేవి ఒంటి చుట్ట అయస్కాంతాలు. దగ్గర్లో ట్రాన్స్‌ఫార్మరుంటే చాలు, స్పీకరు గుయ్యిమంటుంది.

ఉమేశ్ బేతమంగళ నుంచి బైకు మీద వచ్చి వాళ్ల బ్యాండులో వాయిస్తాడు. పోయిన ఆదివారం ప్రాక్టీసులో అందరి ముందూ అన్నాడు: "ఏమ్మా, అది గిటారా, తేనెపట్టా? పండగనాడు క్లబ్బు కచేరీలో ఇట్లే గుయ్యిమంటే లీడు నేను వాయిస్తా. నువ్వు రిథమ్ కొట్టుకో." డ్రమ్స్ వాయించే శశి తలూపాడు. మూడేళ్లు వెనక నిలబడి రిథమ్ కొట్టిన మేధకు లీడు దక్కడం ఇదే మొదలు. ఆ షరతుకు సరేనంది.

ఆమె గిటారును దించింది. తీగలకు, అయస్కాంతాలకు న్యూస్‌పేపరు అంటించి మరీ రంగు వేశాడు తండ్రి. పనితనంలో వంక లేదు. మెడ వెనక చెయ్యి పెడితే వేళ్లు అతుక్కున్నాయి.

"మెడకెందుకు పూసినావు? చెయ్యి జరగాల్సింది ఆడనే కదా!"

"ఒంటికేసి మెడ వదిలేస్తారా యాడైనా? సగం పని మాకు అలవాటు లేదు."

"నీకు కోపం గిటారు మీదనా, నా మీదనా?"

"ఇద్దరి మీదా," అన్నాడు బ్రష్షు విదిలిస్తూ.

మేధ ఆయన పెట్టెలోంచే గరుకు ఎమరీ కాగితం తీసి, చెక్క బయటపడేదాకా మెడను గీకింది. ఆయన చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు సాయంత్రం క్లబ్బు స్టేజీ మీద గిటారుకు వైరు తగిలించగానే స్పీకరు గుయ్యిమంది. ట్రాన్స్‌ఫార్మరు స్టేజీ వెనక గోడకు అవతలే ఉంది.

"వచ్చినాదమ్మా తేనెపట్టు, రంగేసుకొని మరీ!" అన్నాడు ఉమేశ్ మైకులో. "పంపుసెట్టా ఇది?"

హాలు నవ్వింది. మొదటి వరుసలో వెంకటాచలపతి నవ్వలేదు. ఆయన తన రంగును చూసుకుంటున్నాడు.

నిలబడే దిక్కు మారితే రొద తగ్గుతుందని మేధ ప్రాక్టీసు గదిలో కనిపెట్టింది. కొంచెం కొంచెంగా కుడివైపు తిరిగింది. రొద సన్నగిల్లుతూ వచ్చి, ఉమేశ్‌కు ఎదురుగా నిలిచిన చోట ఆగింది.

"జనాన్ని చూడమ్మా," అన్నాడు ఉమేశ్ మైకు పక్కకు నెట్టి. "నన్ను చూస్తావేమి?"

"గుయ్యిమంటేనే లీడు నీదన్నావు. ఎవర్ని చూడాలో చెప్పలేదు. ఇంగ రిథమ్ కొట్టు."

పాటంతా ఆమె ఉమేశ్ మొహంలోకి చూస్తూ వాయించింది. రెండో చరణంలో అతను తాళం తప్పాడు, తల దించుకున్నాడు, మళ్లీ ఎత్తలేదు. ఆమె తిరిగిన తీరుకు గిటారు మెడ జనం వైపు, తండ్రి కూర్చున్న వరుస వైపు చాచి ఉంది. చివర్లో ఒక తీగ శ్రుతి జారింది. ఆ తీగను వదిలేసి మిగతా అయిదింటితో ముగించింది.

క్లబ్బు వాకిట్లో తండ్రి ఎదురయ్యాడు. గిటారు మెడను తడిమి చూశాడు.

"మెడకాడ రంగంతా పోగొట్టినావు. రేపు రెండో పూత వేస్తాను."

"రంగు డబ్బా సైనైడు దిబ్బమీద పారేసినాను. పో, వెతుక్కో."

వెంకటాచలపతి పంచె ఎగగట్టి, గని వదిలిన ఆ మట్టిగుట్ట వైపు నడిచాడు.