తుక్కం వచ్చిన నేరం

దొరసామి తలలోంచి నిమ్మకాయంత గడ్డ తీసి ఏడు నెలలైంది. గడ్డతోబాటు నిద్రను కూడా ఊడ్చి తీసుకుపోయినట్టున్నారు. నిద్రమాత్ర ఇస్తే మూడోనాడే స్నానాలగదిలో తూలి పడి, కుట్లున్న వైపే గోడకు కొట్టుకున్నాడు. అప్పుడు కోయంబత్తూరు ఆసుపత్రివాళ్ళు మాత్ర మాన్పించి, అలవాట్లు మార్చి నిద్ర తెప్పించే చారులత దగ్గరికి పంపారు. ఆరు వారాల్లో గుణం కనబడకపోతే మళ్ళీ మాత్రే, అన్నారు. ఆ ‘మళ్ళీ’ అన్న మాట దగ్గరే ఆయన భార్య వళ్లి ప్రాణం వేలాడుతూ ఉంది.

చారులత నియమాలు చెప్పింది. పదకొండుకు ముందు మంచమెక్కకూడదు. ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే దిగిపోవాలి. పగలు కునుకు పనికిరాదు. ఇవి కాక, రోజూ మూడు సంగతులు ఫోనులో పంపమని తమిళాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపింది: తుక్కం వచ్చిన నేరం, పోయిన నేరం, నడుమ ఎన్నిసార్లు చెదిరింది. నేరమంటే అక్కడ వేళే, శిక్ష పడేది కాదు. నలభై ఏళ్ళు పంపుసెట్ల వర్క్‌షాపు నడిపిన దొరసామి తప్పకుండా పంపుతూ వచ్చాడు.

రెండోవారం చారులత వళ్లికి ఫోన్ చేసింది. “సారు పగలు నిద్రపోతున్నారమ్మా. రోజూ పదీ నలభై నుంచి ఒంటిగంట దాకా.”

“లేదు మేడం. ఆ వేళకు మా అన్న వస్తాడు. ఇద్దరూ కూచొని మాట్లాడతా ఉంటారు.”

“మీరాయన్ని వెనకేసుకు రాకండి. పగలు ఎవరో ఒకరు పక్కనుండి మాట్లాడిస్తూ ఉండాలి.”

వళ్లి నొచ్చుకుంది. అయినా అన్న సుబ్రమణియానికి చెప్పింది. “అన్నా, ఇంక రెండు గంటలు ఎక్కువుండి మాట్లాడు. నీకు కష్టంగా ఉంటే వద్దులే.”

సుబ్రమణియానికి మాట్లాడడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఆయన దగ్గర తలలో గడ్డలొచ్చినవాళ్ళ జాబితా ఒకటుంది. చెల్లెలి మొగుణ్ణి ‘మాప్పిళ్ళ’ అని పిలుస్తూ అదే విప్పేవాడు. “వాడిపట్టిలో ఆండి అని ఒకడు, మాప్పిళ్ళా, అచ్చం నీమాదిరే. ఆపరేషన్ అయినాంక బ్రహ్మాండంగా నడిచినాడు. ఒకనాడు పొద్దున కాఫీ తాగతా ఉండి...” అని ఆగి, తన కాఫీ ఒక గుక్క తాగేవాడు.

మూడోవారం లెక్కలో ఒంటిగంట దాకా అన్నది మూడింటి దాకా అయింది. చారులత ముగ్గురినీ రమ్మంది.

“రాత్రంతా లేదు, వేకువ నాలుగూ పదికి కొంచెం, పగలు నాలుగు గంటలు. పదీ నలభైకి ఏం జరుగుతుంది సార్?” అని అడిగింది.

దొరసామి జేబులోంచి చిన్న డైరీ తీసి చదివాడు. “పదీ నలభై. బావ వచ్చినాడు. ఆండి కథ. మూడింటికి బావ పోయినాడు. నడుమ చెదిరింది రెండుసార్లు, కాఫీకీ భోజనానికీ.”

చారులత తన ఫోను తీసి చూసుకుంది. తమిళంలో నిద్ర తూక్కం, దుఃఖం తుక్కం. ఇంగ్లీషు అక్షరాల్లో రెండు ‘యు’లు కొట్టాల్సిన చోట ఆమె ఒక్క ‘యు’తో సరిపెట్టింది. “సార్, నేనడిగింది నిద్ర.”

“మీరు పంపింది దుక్కం,” అన్నాడు దొరసామి. “తలలో గడ్డ వచ్చినోణ్ణి దుక్కమెప్పుడు వస్తుందని అడగడంలో నాకేం తప్పు కనపళ్ళేదు. ఇన్నాళ్ళకు అడిగేవాళ్ళు ఒకరు దొరికినారు అనుకొంటిని.”

సుబ్రమణియం డైరీ లాక్కున్నాడు. “నేనొక్కడినేనా దీంట్లో? ఇదో, నాలుగూ పది. ఆ వేళకు నేను మా ఇంట్లో గురక పెడతా ఉంటాను. దీనికి నా పూచీ లేదు.” ఆ గెలుపుతోనే బయటికి చదివేశాడు. “వళ్లి మేలుకొని ఉండాది. నిద్రపోయినట్టు నటిస్తా ఉండాది. నేను చూడనట్టు ఉంటిని.”

పేజీ తిప్పాడు. మర్నాడూ అదే. తరువాత తిప్పడం మానేశాడు.

వళ్లికి చెవులు వేడెక్కాయి. ఏడు నెలలుగా గోడవైపు తిరిగి, కొలిచినట్టు ఊపిరి తీస్తూ, తన నటనకు తనే మెచ్చుకుంటూ వచ్చింది. “చూస్తా ఉండి చెప్పకపోతే ఏమనేది మిమ్మల్ని?” అంది.

“చెప్తే నువ్వు దిగి వంటింట్లోకి పోయి ఏడుస్తావు. మంచం మీదనే ఉంటే ఊపిరన్నా వినపడతాది.”

చారులత కాగితాలు సర్దుకుంది. “మాత్ర సంగతి ఇప్పుడొద్దు. వైద్యం మొదలైతే కదా అది కుదరలేదనడానికి? ఇవాళ్టి నుంచి ఆరువారాలు,” అని రెండు ఫారాలు తీసింది. ఒకటి వళ్లి ముందు పెట్టింది. “మేలుకొని మంచం మీద ఉండడం మీకూ కుదరదమ్మా. నాలుగూ పదికి ఇద్దరూ దిగండి.”

“దిగి ఏం చేసేది?”

“హాల్లో కూచొని ఏదైనా మనసును కదిలించని పని. కొంచెం విసుగు పుట్టేదైతే మంచిది.”

ముగ్గురూ సుబ్రమణియం వైపు చూశారు.

“నాలుగింటికి నా వల్ల కాదు,” అన్నాడాయన. “పగలు వస్తాను. చచ్చినోళ్ళ సంగతి ఎత్తను.”

“అది తీసేస్తే నీ దగ్గర ఏముండాది బావా?” అన్నాడు దొరసామి.

సుబ్రమణియం నిజాయితీగా ఆలోచించాడు. ఈలోగా వళ్లి కలం అడిగి తీసుకుని, పేరు రాయవలసిన చోట మొదటిసారిగా తన పేరు రాసుకుంది. నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు అన్న గడిలో గుండ్రంగా ఒక సున్నా చుట్టి, దాన్ని చేత్తో మూసి, భర్త చూడకుండా చారులత వైపు జరిపింది. దొరసామి చూడనట్టు ఉన్నాడు.