తూర్పు లోయకు కాపలా

ఆస్పత్రి నుంచి వచ్చిన సంచిలోని బూట్లను పెరటి మెట్టుమీద పెట్టుకుని, పాత చెంచా కాడతో మట్టి గీకుతున్నాను. ఎండి పెళ్ళలుగా రాలుతున్న ఆ మట్టి ఎర్రగా ఉంది. ఇన్ని నెలలూ ఆ రంగును నేను పట్టించుకోలేదు.

నా భర్త అడవిలో జంతువులనూ పక్షులనూ ఫొటోలు తీస్తారు. మనుషులు మసలని చోట ఒంటరిగా తిరిగేవారికి ఒక నియమం ఉంది. వెళ్ళే చోటు ఇంట్లో ఒకరికి చెప్పాలి. వెలుతురు తగ్గేలోగా ఫోను చేయాలి. చేయకపోతే ఆ ఒకరు ఫారెస్టు గార్డుకు కబురు చేయాలి. మా ఇంట్లో ఆ ఒకరు నేను. బూట్లు కడగడం, లెన్సులు తుడిచే గుడ్డలు ఉతకడం కనీసం కంటికి కనిపించే పనులు. సాయంత్రమంతా ఫోను పక్కన కూర్చోవడాన్ని పని అని ఎవరూ అనలేదు. "ఊరికే కూర్చున్నావుగా, ఈ కూర తరుగు" అనేవారు అత్తగారు.

పోయిన ఏడాది ఒకనాడు ఫోను రాలేదు. నియమం ప్రకారం కబురు చేశాను. గార్డులు టార్చిలైట్లతో అడవంతా వెతుకుతుంటే, ఆయన అడవి అంచున టీకొట్టులో మిత్రులతో నవ్వుకుంటూ దొరికారు. "పరువు తీశావు. కాసేపు ఆగితే నీ సొమ్మేం పోయింది?" అన్నారు. అప్పటినుంచి కబురు చేస్తే తొందరపాటు, చేయకపోతే నిర్లక్ష్యం. ఆ రెంటి నడుమ ఇరుకు సందులో నా సాయంత్రాలు గడిచాయి.

పోయిన వారం కొండగద్ద గూటికోసం బయలుదేరుతూ, ఎప్పటిలాగే "తూర్పు లోయ" అన్నారు. వెలుతురు తగ్గింది. ఫోను మోగలేదు. ఆయన కోపాన్ని ఒకవైపు, ప్రాణాన్ని మరొకవైపు పెట్టి తూచుకుంటూ కూర్చున్నాను. భగవంతుడా, ఒక భార్య తూచవలసినవా అవి? చీకటి చిక్కబడ్డాక గార్డుకు ఫోను చేశాను. తూర్పు కిటికీకి ఎదురుగా కూర్చుని ప్రార్థించాను. తెల్లవారాక గార్డే ఫోను చేసి, లోయంతా గాలించామనీ, అక్కడి నల్లమట్టిలో అడుగుజాడైనా లేదనీ చెప్పాడు.

సంగతి విని కెమెరాల దుకాణం ఆయన పరుగున వచ్చాడు. నా భర్తకు ప్రాణమిత్రుడు. గుమ్మంలోనే నిలబడి, నా ముఖం చూడలేక, "వాడు అక్కడ లేడు చెల్లెమ్మా. పడమటి ఎర్రమట్టి చరియ దగ్గర ఉంటాడు. గూడు సంగతి బయటపడితే అందరూ కెమెరాలేసుకుని ఎగబడతారని... నీకు చెబితే ఎక్కడైనా నోరు జారుతావేమోనని..." అని ఆగిపోయాడు.

మధ్యాహ్నానికి చరియ కింద దొరికారు. కాలు విరిగి, నాలుక పిడచగట్టి, ప్రాణాలతో. నా ప్రార్థన దిక్కు తప్పినా దేవుడు తప్పలేదు. సర్వసాక్షికి చోటు చెప్పనక్కరలేదు. వెతికే మనుషులకే చెప్పాలి.

ఇప్పుడు ముందుగదిలో ఆయన మంచం చుట్టూ పరామర్శకు వచ్చినవారున్నారు. "చెప్పిన చోటైనా గుర్తుపెట్టుకోలేదు మా కోడలు. వీడి అదృష్టం బాగుండి బతికాడు" అని అత్తగారు చెబుతున్నారు. బూటు చేతపట్టుకునే గుమ్మందాకా వెళ్ళాను. దుకాణం ఆయన తన కప్పులోకి చూస్తున్నాడు. నా భర్త నన్ను చూసి, నా చేతిలోని బూటును చూసి, గోడవైపు తిరిగారు. ఎర్రమట్టి చూపించి ఎవరికి ఏమని చెప్పను? నిజాన్ని నా చేతులతోనే గీకి పారేసి, ఇన్నాళ్ళూ అబద్ధానికి కాపలా కాశాను.

అందరూ వెళ్ళాక ఆయన, "వచ్చే ఏడూ ఆ గద్దలు అదే గూటికి వస్తాయి. ఈసారి నీకు సరిగ్గానే చెప్తాలే" అన్నారు.

"వద్దు. మీరు నిజం చెప్పుకున్న మిత్రుడికే ఎదురుచూసే పని కూడా అప్పగించండి."

ఆయన నవ్వారు. "దానికేముంది? ఊరికే కూర్చునే పనేగా."

నేను వంటింట్లోకి వెళ్ళాను. కిటికీ బయట వెలుతురు తగ్గుతోంది. ఆయన పక్కగదిలోనే ఉన్నారు, దగ్గు కూడా వినిపిస్తోంది. నా చేయి మాత్రం తడి తుడుచుకుని ఫోను కోసం తడుముకుంటోంది.